ఏడో నంబరు తాళం

"ఆ తాళంచెవి ఒకసారి ఇటివ్వండి" అంది డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టర్ చేతిలోని కవరు మీంచి వేళ్ళు తియ్యలేదు. "ఎందుకు?"

"ఈ తాళానికి పడుతుందో లేదో చూడ్డానికి."

"తాళం తెరిచే ఉంది కదా మేడమ్! వాడి టూల్‌బాక్సులో తెరిచే దొరికింది. స్విచ్‌కి వెయ్యాల్సిన తాళం వెయ్యకుండా పెట్టెలో పడేసి మిక్సర్లోకి దిగాడు. తిరిగింది, పోయాడు. కేసంటే అంతే."

"అంతే అయితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఇవ్వండి."

గోడ గడియారంలో పన్నెండూ ఇరవై. సబ్బుల ఫ్యాక్టరీలో స్విచ్ గది అది. నలుగురు నిలబడితే ఐదోవాడు గుమ్మం బయటే ఉండాలి. రెండింటికి మిక్సర్ మళ్ళీ తిప్పుతామని మేనేజర్ పొద్దున్నే చెప్పేశాడు. తిప్పే ముందు ఇక్కడంతా కడిగేస్తారు. కడిగితే చూడ్డానికి ఇంకేమీ మిగలదు. డిటెక్టివ్‌కి వచ్చినప్పటినుంచీ ఒకచోట కాలు నిలవడం లేదు.

నిన్న ఉదయం పదీ యాభై రెండుకి, సరిగ్గా ఈ గది పైన ఉన్న మిక్సర్లో, ఫిట్టర్ చనిపోయాడు. అరిగిపోయిన రెక్క మార్చడానికి లోపలికి దిగి ఉండగా మోటారు తిరిగింది. కేక విని ఆపేసరికే అంతా అయిపోయింది.

ఫ్యాక్టరీలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ అతను 'నిదానం'. ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు కాగితం తీసేవాడు. ఈ పనిలో ఏం జరగొచ్చు, జరక్కుండా ఏం చెయ్యాలి అని రాసుకునేవాడు. నిచ్చెన ఎక్కాలన్నా రాసేవాడు. "నిదానం వచ్చాడు, మనం టీ తాగి రావచ్చు" అని మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. పదహారేళ్ళ ఉద్యోగంలో అతని వేలికి కుట్టు పడలేదు.

అలాంటి మనిషి తాళం మర్చిపోయాడంటే అతని భార్య నమ్మలేదు. "స్వయం నిర్లక్ష్యం" అని రాసున్న కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టనంది. నిన్న సాయంత్రమే ఆవిడ డిటెక్టివ్ ఇంటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడే సంగతంతా చెప్పింది. ఇప్పుడు ఫ్యాక్టరీ గేటు దగ్గర బెంచీ మీద కూర్చుని ఉంది. ఆవిడ చుట్టూ ప్యాకింగ్ ఆడవాళ్ళు.

అక్కడి నియమం చిన్నదే. మిక్సర్లోకి దిగేవాడు ముందు కింద మెయిన్ స్విచ్ ఆపాలి. స్విచ్ పిడికి ఒక రంధ్రం ఉంటుంది, అందులో తన సొంత తాళం వెయ్యాలి. ఒక్కో తాళానికీ ఒక్కటే తాళంచెవి. అది దిగినవాడి జేబులో ఉంటుంది. వాడు బయటికొచ్చి తాళం తీస్తే తప్ప మోటారు తిరగదు. నిదానం తాళం నంబరు ఏడు.

ఇన్‌స్పెక్టర్ విసుగ్గా కవరు విప్పి తాళంచెవి తీసిచ్చాడు. నిన్న శవం జేబులో దొరికింది అది.

డిటెక్టివ్ ఎర్ర తాళాన్ని చేతిలో ఆడించి చూసింది. తెల్ల రంగుతో ఏడు అని రాసి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. కొక్కేన్ని నొక్కింది. టక్కున పడింది.

"అదేంటి మూసేశారు!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆమె తాళంచెవి పెట్టి తిప్పింది. తిరగలేదు. తిరగేసి పెట్టింది. సగం వరకే దూరింది. రెండూ ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టింది.

అతను మూడుసార్లు ప్రయత్నించాడు. మూడోసారి మరీ గట్టిగా తిప్పబోతే ఆమె ఆపింది. "విరిగితే సాక్ష్యం పోతుంది."

"తాళంచెవి వేరేదై ఉండొచ్చు. ఇంటిదో, సైకిల్‌దో..."

"ఆ చెవి మీద ఏడు అని కొట్టి ఉంది. పదహారేళ్ళుగా అరిగింది. ఈ తాళం చూడండి, ఎక్కడా గీత లేదు. రంగు ఇంకా వాసన కొడుతోంది. ఇది అతని తాళం కాదు. అతని తాళంలా ఉండాలని ఎవరో తెచ్చి పెట్టింది."

ఇన్‌స్పెక్టర్ రెండూ కవర్లో వేసుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు, తొందర మనిషి. బల్ల మీద పదకొండు కేసులు పేరుకుని ఉన్నాయి. వాటిలో ఇదొక్కటైనా ఇవాళ ముగుస్తుందని ఆశపడి వచ్చాడు.

డిటెక్టివ్ మోకాళ్ళ మీద కూర్చుని స్విచ్ పిడి కింద టార్చి వేసింది. రంధ్రం అంచున ఇనుము కొత్తగా మెరుస్తోంది. ఏదో గట్టిగా కరిచినట్టు రెండు నొక్కులున్నాయి. కింద నేలమీద దుమ్ములో రెండు చిన్న ఎర్ర పెచ్చులు. వాటిని కాగితంలోకి ఎత్తింది.

"తాళం వేశాడు. ఎవరో కట్టర్‌తో కోసేశారు. ఇప్పుడు చెప్పండి, ఇది నిర్లక్ష్యమా?"

"స్విచ్ వేసింది ఎవరో మనకి తెలుసు" అన్నాడు ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా. "ఫోర్‌మన్. వాడే ఒప్పుకున్నాడు."

"పిలవండి."

ఫోర్‌మన్‌కి ముప్పై దాటి ఉండవు. గేటు దగ్గర కూర్చున్న ఆవిడకి సొంత తమ్ముడు. తల్లి పోయాక అక్కాబావల దగ్గరే పెరిగాడు. బావే ఈ ఫ్యాక్టరీలో చేర్పించాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. లోపలికి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"నిన్న ఏం జరిగిందో చెప్పు" అంది డిటెక్టివ్.

"పదీ ఐదుకి లోపలికి దిగడానికి పర్మిట్ రాశాను మేడమ్. పదీ పదికి ఆయన దిగారు. పదీ నలభై ఐదుకి పర్మిట్ టైము అయిపోయింది. స్విచ్‌కి తాళం కనబడలేదు. పని ముగిసిందనుకుని పదీ యాభై రెండుకి స్విచ్ వేశాను."

ఆమె తల పక్కకి తిప్పి కుడి చెవి అతని వైపు పెట్టింది. డిటెక్టివ్ అవ్వకముందు పన్నెండేళ్ళు నేతమిల్లులో పనిచేసింది. ఆ మగ్గాల మోతకి ఎడమ చెవి సగం పోయింది. "సరిగ్గా వినబడలేదు. మళ్ళీ చెప్పు."

అతను మళ్ళీ చెప్పాడు. ఆమె మరోసారి అడిగింది. మూడోసారీ చెప్పాడు.

"మూడుసార్లూ ఒక్క అక్షరం తేడా రాలేదు" అంది ఆమె. "కళ్ళారా చూసింది చెప్పేవాడు ఒక్కోసారి ఒక్కోలా చెబుతాడు. నువ్వు అప్పజెబుతున్నావ్. సరే, స్విచ్ వేసే ముందు హారన్ కొట్టావా?"

ఆ ప్రశ్న అతను నేర్చుకున్న పాఠంలో లేదు. "కొట్టాను... కొట్టాననే అనుకుంటున్నాను."

"నీ కుడిచేతి బొటనవేలు చూపించు."

అతను చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ మణికట్టు పట్టుకుని ముందుకి లాగాడు. బొటనవేలి మొదట్లో నల్లగా రక్తం కట్టిన బొబ్బ.

"కట్టర్ పిడులు కలిసేటప్పుడు చర్మం మధ్యలో పడితే సరిగ్గా ఇలాగే అవుతుంది" అంది డిటెక్టివ్. "నిన్న ఈ గదిలో ఫోన్..."

"మోగలేదు మేడమ్."

"మోగిందా అని నేనింకా అడగలేదు."

అతని చూపు గోడమీది ఫోన్ మీదికి పోయి, వెంటనే నేలమీదికి దిగింది. "సార్, కొంచెం బయటికెళ్ళి నీళ్ళు తాగొస్తాను. కళ్ళు తిరుగుతున్నాయి."

"పంపకండి" అంది డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. తాళంచెవి దగ్గర పోయిన పరువు ఇంకా అతన్ని కెలుకుతూనే ఉంది. "నా కేసులో ఎవరు కూర్చోవాలో, ఎవరు లేవాలో నేను చెబుతాను మేడమ్. వెళ్ళు, ఐదు నిమిషాల్లో రా."

ఫోర్‌మన్ గుమ్మం దాటాడు. ఇప్పుడు పన్నెండూ నలభై ఎనిమిది.

"ఒంటరిగా చేసిన పనైతే ఎవరో రాసిచ్చిన మాటలు ఎందుకు అప్పజెబుతాడు?" అంది ఆమె. "పదండి, రాసిచ్చినవాణ్ణి చూద్దాం."

మేనేజర్ గది మేడమీద. వీళ్ళు ఎక్కుతుంటే ఫోర్‌మన్ ఆ గదిలోంచే బయటికి వస్తూ ఎదురయ్యాడు. నీళ్ళకని వెళ్ళినవాడు. తల ఎత్తకుండా గోడవారగా తప్పుకుని దిగిపోయాడు. డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. అతను దగ్గాడు.

మేనేజర్ మెత్తటి మనిషి. లేచి నిలబడి ఇద్దరికీ కుర్చీలు చూపించాడు. "చాలా మంచివాడండీ నిదానం. మా అందరికీ ఇంట్లో మనిషి పోయినట్టే ఉంది. నిన్న ఏ ధ్యాసలో ఉన్నాడో పాపం."

"పర్మిట్ చూపిస్తారా?"

సొరుగులోంచి తెల్ల కాగితం తీశాడు. పదీ ఐదు నుంచి పదీ నలభై ఐదు దాకా. పొడిగింపు గడి ఖాళీ. ప్రమాదాల గడిలో 'తిరిగే రెక్కలు', దాని ఎదురుగా 'స్విచ్‌కి తాళం'. అంతే.

"ఇది ఎవరి చేతిరాత?"

"ఫోర్‌మన్‌ది."

"నిదానం ఏమీ రాయలేదా? నిచ్చెన ఎక్కడానికే అరపేజీ రాసే మనిషి."

"నిన్న రాయలేదు. అదే చెబుతున్నా, ధ్యాస లేదు."

"ఆ టైములో మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. తొమ్మిది నుంచి పదకొండు దాకా ఈ గది దాటలేదు."

ఆమె మళ్ళీ కుడి చెవి తిప్పింది. "ఏమన్నారు?"

"ఈ గది గుమ్మం దాటలేదు అన్నాను." అతని గొంతు కొంచెం పెరిగింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, రాసుకోండి. గుమ్మం దాటలేదు." ఆమె లేచి అలమారు దగ్గరికి నడిచింది. అద్దం వెనక చెక్కపెట్టె తెరిచి ఉంది. పన్నెండు గుంటలు. పదకొండిటిలో కొత్త ఎర్ర తాళాలు. "పన్నెండోది ఏది?"

"ఎప్పుడో పోయింది. ఇలాంటి చిన్నాచితకా వస్తువులు పోతూనే ఉంటాయి మేడమ్." చిరునవ్వు నవ్వి గడియారం చూశాడు. "ఒంటిగంట దాటింది. రెండింటికి మిక్సర్ తిప్పాలి. కాస్త..."

ఇద్దరూ బయటికి వచ్చారు. వరండాలో ఇన్‌స్పెక్టర్ కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగాడు. "తాళం కోసింది ఫోర్‌మన్. సరే. సొంత బావని ఎందుకు చంపుతాడు? ఈ మేనేజర్ చెప్పాడంటారా? వీడు మాత్రం ఎందుకు చెబుతాడు? ఒక్క కాగితం లేదు, ఒక్క సాక్షి లేడు. మీ ముక్కుకి రంగు వాసన వచ్చిందని కోర్టులో చెప్పనా?"

"శవం దగ్గర దొరికిన వస్తువుల జాబితా ఉందా?"

అతను జేబులోంచి తీసి చదివాడు. "తాళంచెవి ఒకటి. దువ్వెన ఒకటి. పెన్సిల్ ముక్క. చిత్తుకాగితం ఒకటి."

"ఏం చిత్తుకాగితం?"

"సబ్బూ రక్తం కలిసి ఉండకట్టుకుపోయింది. దాన్నేం చదువుతాం?"

"పర్మిట్ పుస్తకంలో తెల్ల కాగితం కింద కార్బన్ పెట్టి గులాబీ కాగితం ఉంటుంది. తెల్లది ఆఫీసుకి, గులాబీది పనివాడికి. అతను దాన్ని తన దగ్గరే పెట్టుకోవాలి. మీ చిత్తుకాగితం ఏ రంగు?"

ఇన్‌స్పెక్టర్ జాబితా మడిచి జేబులో కుక్కాడు. జీపు దగ్గరికి పరుగెత్తాడు.

గులాబీ రంగే. క్యాంటీన్ బల్ల మీద తడిగుడ్డ వేసి, దానిమీద ఆ ఉండని పెట్టి, దువ్వెన పంటితో ఒక్కొక్క మడతా విప్పింది డిటెక్టివ్. ఇన్‌స్పెక్టర్ ఊపిరి బిగబట్టి టార్చి పట్టుకున్నాడు. ఒకచోట చిరిగింది. "అయ్యో" అన్నాడు, తన సొంత వస్తువు చిరిగినట్టు. ఒంటిగంటా పదహారుకి కాగితం పూర్తిగా విచ్చుకుంది. పెన్ను రాతైతే కరిగిపోయేది. కార్బన్ రాత నిలబడింది.

పొడిగింపు గడి ఖాళీగా లేదు. 'పదకొండున్నర వరకు' అని రాసి, కింద సంతకం, సంతకం పక్కన టైము. పదీ నలభై ఆరు. సంతకం మేనేజర్‌ది.

"నిదానం పదీ పదికే లోపలికి దిగాడు" అంది ఆమె. "మళ్ళీ బయటికి రాలేదు. ఈ కాగితం అతని జేబులోనే ఉంది. అంటే పదీ నలభై ఆరుకి మేనేజర్ మిక్సర్ నోటి దగ్గరికి వచ్చాడు. లోపలున్న మనిషి పుస్తకం పైకి అందిస్తే సంతకం పెట్టాడు. గులాబీది చింపి అతనికిచ్చి, పుస్తకం తను తీసుకెళ్ళాడు. మనకి చూపించిన తెల్లది తర్వాత రాయించింది."

"గుమ్మం దాటలేదన్నాడు!"

"దాటడమే కాదు. మనిషి లోపల ఉన్నాడని ఈ ఫ్యాక్టరీలో అందరికంటే అతనికే బాగా తెలుసు. కింద చదవండి."

కింద ప్రమాదాల గడిలో, నిదానం చేతిరాతలో, చిన్న అక్షరాలు. ఇన్‌స్పెక్టర్ పైకి చదివాడు.

"'పనికి సంబంధం లేకపోయినా రాస్తున్నాను. వెనక కొవ్వు గుంట. గాలి ఫ్యాన్‌కి మోటారు లేదు, తీసేసి నాలుగు నెలలయింది. లోపల విషవాయువు ఉంది. ఎవర్నీ దింపొద్దు. మొన్న స్వీపర్ చనిపోయింది గుండెపోటుతో కాదు. ఫ్యాన్ పెట్టేదాకా గుంటకి మూత వేసి తాళం వెయ్యాలి. రేపు తనిఖీ ఆఫీసరుకి చెబుతాను.'"

చదవడం అయ్యాక ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి బల్లమీద పెట్టాడు. "స్వీపర్ కేసు కూడా నేనే మూశాను. ఫ్యాన్ తిరుగుతోందని మేనేజరే రాసిచ్చాడు." ఒక్క క్షణం ఆగి, "ఇది చదివి, ఇదే కాగితం మీద సంతకం పెట్టి, ఆరు నిమిషాల్లో..." అన్నాడు. మాట పూర్తిచెయ్యకుండా లేచాడు. "ఇప్పుడే వాణ్ణి పట్టుకుంటాను."

"జీపు దగ్గరున్న కానిస్టేబుల్‌ని పంపండి, మెట్ల దగ్గర కాపలా ఉంచండి. మనకి ముందు ఫోర్‌మన్ కావాలి. తాళం కొయ్యమని చెప్పింది మేనేజరే అని చెప్పగలిగింది అతనొక్కడే. ఆ సంగతి మేనేజర్‌కీ తెలుసు."

ఐదు నిమిషాల్లో రమ్మన్న మనిషి వెళ్ళి అరగంటయింది. స్విచ్ గదిలో లేడు. నీళ్ళ కుళాయి దగ్గర లేడు. ఇద్దరూ గేటు వైపు పరుగెత్తారు. బెంచీ మీద నిదానం భార్య లేచి నిలబడింది.

"మీ తమ్ముడు ఇటొచ్చాడా అమ్మా?"

"ఇటు రాలేదు మేడమ్. ఇప్పుడే భుజాన తాడేసుకుని వెనక్కి వెళ్తుంటే చూశాను. పిలిచాను కూడా. పలకలేదు."

"వెనక ఏముంది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆవిడ జవాబు చెప్పేలోపే డిటెక్టివ్ పరుగు అందుకుంది.

ఫ్యాక్టరీ వెనక, సబ్బు కడిగిన మురికీ కొవ్వూ వచ్చి పడే గుంట. ఇనుప మూత పక్కకి జరిపి ఉంది. గాలి గొట్టం ఉంది, దాని చివర మోటారు ఉండాల్సిన చోట నాలుగు ఖాళీ బోల్టులు. కుళ్ళిన గుడ్ల వాసన గుప్పుమంది. ఇంకో రెండడుగులు వేసేసరికి ఆ వాసన లేదు.

"వాసన పోయింది" అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఊపిరి పీల్చుకుంటూ.

"వాసన పోలేదు, మన ముక్కులు పోయాయి. వెనక్కి జరగండి!"

ఆమె దూరంగా పడుకుని టార్చి లోపలికి వేసింది. పన్నెండడుగుల లోతులో, మురికి పక్కన గట్టుమీద, ఫోర్‌మన్ బోర్లా పడి ఉన్నాడు. నడుముకి బెల్టు, బెల్టుకి తాడు. తాడు రెండో కొస గుంట పక్క కమ్మీకి కట్టి ఉంది. ఎంత కంగారులో ఉన్నా, బావ నేర్పిన పని చేతులు మర్చిపోలేదు.

ఇన్‌స్పెక్టర్ అప్పటికే బూట్లు విప్పి నిచ్చెన మీద కాలు పెట్టాడు. ఆమె అతని బెల్టు పట్టుకుని వెనక్కి గుంజింది. ఇద్దరూ కింద పడ్డారు.

"వదలండి! మనిషి చచ్చిపోతున్నాడు!"

"మీరు దిగితే ఇద్దరు చస్తారు! ఇలా దిగినవాళ్ళని నేను తొమ్మిదిమందిని చూశాను. ఒకణ్ణి తీద్దామని ఒకడు, వాణ్ణి తీద్దామని ఇంకొకడు. తాడుంది. పట్టండి!"

ప్యాకింగ్ షెడ్డు గోడకి ఇంకో గాలి గొట్టం ఉంది, యంత్రాల దుమ్ము దులపడానికి వాడేది. ఆమె దాన్ని లాక్కొచ్చి గుంటలోకి వదిలి కుళాయి పూర్తిగా తిప్పింది. గాలి బుస్సుమంటూ దిగింది. ఇన్‌స్పెక్టర్ తాడు లాగాడు. జారింది. మనిషి ఒక అడుగు లేచి మళ్ళీ పడ్డాడు. గేటు దగ్గరి ఆడవాళ్ళు వచ్చేశారు. అందరికంటే ముందు నిదానం భార్య. ఏమైందని అడగలేదు. ఇన్‌స్పెక్టర్ వెనక నిలబడి తాడు చేతికి చుట్టుకుంది. ఆవిడ వెనక ఇంకో ముగ్గురు.

"ఒకేసారి! ఆపకుండా!"

ఒంటిగంటా ముప్పై ఒకటికి ఫోర్‌మన్ తల గుంట అంచుకి తగిలింది. చంకల్లో చేతులు వేసి పైకి ఈడ్చి, గుంటకి దూరంగా, గాలి వచ్చే వైపు పడుకోబెట్టారు. పెదాలు నీలంగా ఉన్నాయి. డిటెక్టివ్ అతని ఛాతీ మీద రెండు చేతులూ వేసి నొక్కడం మొదలుపెట్టింది. ఇరవై. ముప్పై. ఇన్‌స్పెక్టర్ అంబులెన్సు కోసం ఫోన్‌లో అరుస్తున్నాడు. మళ్ళీ ఇరవై. అక్క అతని తల పట్టుకుని పేరు పిలుస్తూనే ఉంది.

అతను ఒక్కసారి వాంతి చేసుకుని, గొంతు చీరినట్టు గాలి పీల్చాడు.

కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుని ఉంది. ఇన్‌స్పెక్టర్ వేళ్ళు విప్పాడు. మురికి పట్టిన ఎర్ర తాళం, కొక్కెం రెండుగా తెగి. మీద ఏడు. అతను మోకాళ్ళ మీదే కూర్చుని కవరులోంచి తాళంచెవి తీసి పెట్టాడు. మెత్తగా తిరిగింది.

"ఎందుకు దిగావ్?" అన్నాడు.

ఫోర్‌మన్‌కి మాట పూర్తిగా పెగల్లేదు. ఒక్కో ముక్కే బయటికి వచ్చింది. "నిన్న... దీన్ని గుంటలో పారెయ్యమన్నారు. నూనె తుడిచే పీచులో చుట్టి పారేశాను. ఇవాళ... ఆ డిటెక్టివ్ గుంట తోడిస్తుంది, అది గట్టుమీదే పడిందేమో, ముందే తీసుకురా అన్నారు. గాలి బాగానే ఉంది, పొద్దున్నే చూశాం అన్నారు."

"ఎవరన్నారు?"

"మేనేజర్ గారు."

"నిన్న ఫోన్ చేసిందీ ఆయనేనా?" అంది డిటెక్టివ్.

"పదీ నలభై తొమ్మిదికి. 'నిదానం పని ముగించుకుని క్యాంటీన్‌కి పోయాడు. తాళం తియ్యడం మర్చిపోయాడు. మిక్సర్ ఆగిపోయి కూర్చుంది, కట్టర్‌తో కోసెయ్, నేను చెబుతున్నాగా' అన్నారు. కోశాను." అతను కళ్ళు మూసుకున్నాడు. "అరుపు వినబడ్డాక... ఆయనే కొత్త తాళం ఇచ్చారు. బావ పెట్టెలో పెట్టమన్నారు. తాళమే లేదని చెప్పు, నువ్వు బతికిపోతావ్ అన్నారు."

అతని తల ఇంకా అక్క చేతుల్లోనే ఉంది. ఆ చేతులు కదలడం మానేశాయి. ప్యాకింగ్ ఆడవాళ్ళలో ఎవరో నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. డిటెక్టివ్‌కి అక్క మొహం చూడాలనిపించలేదు. కానీ చూసింది.

మేడమీద కేకలు వినబడ్డాయి. కానిస్టేబుల్ మేనేజర్ మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపుతున్నాడు. అతని చంకలో పర్మిట్ పుస్తకం ఉంది. దాంతో వెనక గుమ్మంలోంచి పోబోతుంటే దొరికాడట. ఇన్‌స్పెక్టర్ లేచి, బూట్లు వేసుకోకుండానే, అటు నడిచాడు.

అక్క తమ్ముడి మొహం మీదికి వంగింది. గొంతు పెద్దది చెయ్యలేదు.

"కోసేముందు పైకెళ్ళి చూశావా?"

"లేదక్కా."

"ఆయన తాళం మర్చిపోతాడని నమ్మావా? మీ బావ?"

అతను ఏడుపు ఆపుకోలేకపోయాడు. "మేనేజర్ గారు చెప్పారని..."

"ఎన్ని మెట్లు? కింది గది నుంచి మిక్సర్ దాకా."

"పద్నాలుగు."

ఆవిడ అతని తల మెల్లగా నేలమీద దించింది. లేచి వెళ్ళిపోతుందనుకున్నారు అందరూ. వెళ్ళలేదు. పక్కనే నేలమీద కూర్చుంది. దూరంగా అంబులెన్సు మోత వినబడుతోంది.

"వాళ్ళు అడుగుతారు, అంతా చెప్పు" అంది. "మేనేజర్ ఫోన్ చేసింది చెప్పు. తాళం మార్చింది చెప్పు." అంబులెన్సు మోత వైపు ఓసారి చూసింది. "ఆ మెట్ల సంగతి కూడా చెప్పు."